ఐదు నిమిషాల చూపు

జులై 28

ఉదయం ఆరు గంటలకి తొట్టి నాలుగు డిగ్రీలు. లోతు నీళ్ళు తెచ్చే పైపు జల్లెడకి మళ్ళీ గుల్లలు పట్టాయి. గీకడానికి నలభై నిమిషాలు పట్టింది. అది నా పని కాదు. కానీ జల్లెడ మూసుకుపోతే తొట్టి వేడెక్కుతుంది, తొట్టి వేడెక్కితే నా అంకెలు పనికిరాకుండా పోతాయి.

నా పని మూడో గట్టు ఆసుపత్రి ఎమర్జెన్సీలో పరిశోధన నమోదు. గుండె ఆగి వచ్చిన మనిషికి ఏ నిమిషానికి ఏం చేశారు, తర్వాత ఏమైంది అన్నది రాస్తాను. వైద్యం చేయను. చదివింది గణాంకశాస్త్రం. ఇక్కడ అందరూ రికార్డు మేస్టారు అంటారు.

10:14కి ఇరవై మూడో కేసు. పేరు పోలేశు, వయసు ఇరవై ఆరు. నాచు మడిలో తాళ్ళు లాగే యంత్రం దగ్గర పని. ఇనుప తాడు తెగి కుడి తొడని కోసేసింది. పడవలో సగం దారిలోనే గుండె ఆగింది. డాక్టర్ తరణి రెండు నిమిషాలు చూసి, చల్లగదికి పంపమన్నారు. 10:21కి పెద్ద రక్తనాళంలోకి చల్లటి సెలైన్ మొదలు. 10:49కి ఒళ్ళు పదకొండు డిగ్రీలు. ఊపిరి లేదు, నాడి లేదు, మెదడు గీత సమంగా ఉంది. మనిషిని తొట్టిలో పెట్టారు.

ఈ స్థితిలో మనిషి తొమ్మిది గంటలు ఆగుతాడు. సర్జన్ ఐదో గట్టు నుంచి రావాలి. సముద్రం మీద కట్టిన ఏడు గట్లకీ ఇద్దరే ఉన్నారు. పడవ సముద్రపు పోటు మీద వస్తే రెండు గంటలు, నీళ్ళు తీసే పాటు మీద నాలుగు. ఇవాళ పాటు.

11:05 నుంచి 11:10 వరకు ఇంటివాళ్ళ చూపు. భార్య నూకాలు ఒక్కతే లోపలికి వెళ్ళింది. 11:10కి తొట్టి మూత వేశారు. 2:50కి సర్జన్ దిగారు. 5:38కి పోలేశు గుండె తిరిగి కొట్టుకుంది.

హెడ్ నర్సు మార్తమ్మ చేతులు కడుక్కుంటూ, ఈసారైనా మీ పుస్తకంలో మంచి మాట రాయండి మేస్టారూ అంది. 5:38 అని రాశాను.

జులై 30

పోలేశుకి తెలివి వచ్చింది. మొదటి ప్రశ్న, తన యంత్రం దగ్గర ఎవరిని పెట్టారని. రెండోది, చేపల పులుసు ఎప్పుడు పెడతారని. మార్తమ్మ గంజి గ్లాసు చూపించింది. ఇది తాగితే వచ్చేవారం పులుసు వాసన చూపిస్తానంది.

ఇంట్లో నీళ్ళ రేషన్ ఇంకా ఇద్దరి లెక్కనే వస్తోంది. మనిషికి తొమ్మిది లీటర్లు. కార్యాలయానికి రెండుసార్లు చెప్పాను. ఇవాళ కూడా తొమ్మిది లీటర్లు తిరిగి పంపాను.

జులై 31

మూడో రోజు. పోలేశుకి ఉదయం జ్వరం 39.4. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో మచ్చ. డాక్టర్ తరణి ఫిల్ముని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశారు. మార్తమ్మ నా వైపు తిరిగి, తొమ్మిదోదాండీ అని అడిగింది. తొమ్మిదోది అన్నాను.

మధ్యాహ్నం మొదటి గట్టు నుంచి పరిశోధన కమిటీ ఉత్తరం. చల్లగదిలోంచి బతికి లేచినవాళ్ళలో చాలామందికి మూడో నాలుగో రోజున ఊపిరితిత్తులు నిండిపోతున్నాయి, కొందరు పోతున్నారు. చల్లబరచడమే ఊపిరితిత్తుల్ని పాడు చేస్తోందని వాళ్ళ అనుమానం. ఆగస్టు 18న కూర్చుంటారు. ఆలోగా వేరే కారణం రుజువుతో చూపించలేకపోతే చల్లగది మూసేస్తారు.

చల్లగది లేని రోజుల అంకెలు నా దగ్గర ఉన్నాయి. సర్జన్ రాకముందే గుండె ఆగినవాళ్ళు ఆరేళ్ళలో నూట పన్నెండు మంది. బతికినవాళ్ళు లేరు.

ఆగస్టు 2

రెండు రోజులు పట్టిక వేశాను. ఇక్కడ క్లుప్తంగా రాస్తున్నాను.

ఒకటి నుంచి ఏడు వరకు: ఇద్దరు బల్ల మీదే పోయారు. ఐదుగురు లేచారు. ఒక్కరికీ మచ్చ రాలేదు.

ఎనిమిది నుంచి ఇరవై రెండు వరకు: పదిహేను మంది. ఇద్దరికి గుండె తిరిగి మొదలు కాలేదు. పదమూడు మంది లేచారు. ఎనిమిది మందికి మచ్చ వచ్చింది. అందులో ఐదుగురు పోయారు.

ఎనిమిదో కేసు వకుళ, వయసు నలభై తొమ్మిది, నా భార్య. కిందటేడు మే 30న రెండో గట్టు వంతెన మెట్ల మీంచి పడింది. లోపల ప్లీహం పగిలింది. చల్లగది, సర్జరీ బాగా జరిగాయి. రెండో రోజు మాట్లాడింది. నాలుగో రోజు ఊపిరితిత్తులు నిండాయి. ఆరో రోజు, సాయంత్రం 4:40.

ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఏం మారింది అన్నది ప్రశ్న. సెలైన్ తయారీ మారలేదు. గొట్టాలు అవే. తొట్టి అదే. వెచ్చబెట్టే పద్ధతి అదే. మారింది ఒక్కటే, ఇంటివాళ్ళ చూపు. ఎనిమిదో కేసుకి ముందు తొట్టి దగ్గరికి ఎవరినీ రానిచ్చేవారు కాదు. ఆ రోజు నేను అడిగాను. నాతో రోజూ పనిచేసే మనుషులు, కాదనలేకపోయారు. డాక్టర్ తరణి ఐదు నిమిషాలిచ్చారు. మార్తమ్మ నా మొహం చూసి చల్లగదిలో కెమెరా ఆపేసింది. మరుసటి కేసుకి వేరేవాళ్ళు అడిగితే, మేస్టారికి ఇచ్చి వీళ్ళకి ఇవ్వకపోవడం అన్యాయమనుకున్నారు. అలా అది నియమం అయింది. కెమెరా ఆపడం కూడా.

వెళ్ళేవాళ్ళు మాస్కు, తొడుగులు వేసుకుంటారు. నోట్లో ఏమీ వేయబోమన్న సంతకం మొదటి కేసు నుంచీ చేరేటప్పుడే పెట్టిస్తున్నాం. చూపుతో ఊపిరితిత్తులు నిండవు. దాన్ని కొట్టేసి, సెలైన్ సీసాల తేదీలు మళ్ళీ మొదటి నుంచి చూడడం మొదలుపెట్టాను.

జబ్బు పడినవాళ్ళ ఊపిరితిత్తుల్లోంచి తీసిన నమూనాలు ల్యాబులో గడ్డకట్టించి ఉంచాం. అన్నీ బయటికి తీసి పక్కపక్కన పెట్టి చూడమని ల్యాబు జిలానీని అడిగాను. ఇంతవరకు ఒక్కొక్కటీ విడివిడిగానే చూశారు.

ఆగస్టు 4

పోలేశు 39.6. ఆక్సిజన్ పెంచారు. మాట్లాడడం తగ్గింది. నూకాలు వరండాలో కూర్చునే ఉంటోంది. ఎవరు పలకరించినా లేచి నిలబడుతోంది.

సౌర పలకల మీద ఉప్పు తుడిచే వంతు ఇవాళ మా విభాగానిది. నేనూ వెళ్ళాను. అక్కడే జిలానీ వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా ల్యాబులో ఉన్నాడు, వేళాకోళం లేకుండా మాట్లాడడు. ఆసుపత్రిలో అంటుకునే జబ్బయితే అందరిలోనూ ఒకటే సూక్ష్మజీవి ఉండాలన్నాడు. ఇక్కడ ఒక్కొక్కరిలో ఒక్కో రకం కలగాపులగం. ఒకరికి బూజు, ఇంకొకరికి బ్యాక్టీరియా. సముద్రంలో బతికేవి కావు. రేషన్ నీళ్ళలో అసలు ఏవీ బతకవు. ఇవన్నీ నిలవ ఉన్న మంచినీటిలో పెరిగేవి.

"చెరువు నీళ్ళలో ఉంటాయండీ ఇవి," అన్నాడు నవ్వుతూ. "చుట్టూ ఉప్పు సముద్రం. మీ పేషెంట్లకి చెరువెక్కడ దొరికిందో కనుక్కోండి మేస్టారూ, మనమూ వెళ్ళి ఓ మునుగు మునిగొద్దాం."

గుడ్డ కింద పెట్టాను. మిగతా పలకలు జిలానీ తుడిచాడు.

ఆగస్టు 5

తొట్టి నాలుగు డిగ్రీలు. పోలేశు 39.8. ఇంకేమీ లేదు.

ఆగస్టు 6

గట్ల మీద పుట్టనివాళ్ళు కూడా ఈ నమోదు చదవవచ్చు కనుక వివరంగా రాస్తున్నాను.

లంక ఊళ్ళు మునిగినప్పుడు మా పెద్దవాళ్ళు వాటిని వదిలి వస్తూ గోదావరి నీళ్ళు బిందెలకెత్తి తెచ్చుకున్నారు. ఇప్పుడు అక్కడ నది లేదు, సముద్రమే. ఆ నీళ్ళు ఇంటింటా దాచారు. పెళ్ళిలో దంపతులకి చిటికెన వేలంత సీసాలో పోసి ఇస్తారు. ఇద్దరికీ కలిపి ఒకటే సీసా. ముందు పోయేవాళ్ళ నోట్లో రెండోవాళ్ళు సగం పోస్తారు. మిగతా సగం మిగిలినవాళ్ళది. ఈ మాట ఎవరూ పైకి అనరు. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు సీసా ఒంటి మీద ఉంటుంది. అది కూడా ఎవరూ అనరు.

తొట్టిలో ఉన్న మనిషికి ఊపిరి ఉండదు. అందుకని గొంతులో గొట్టం తీసేస్తాం, వెచ్చబెట్టేటప్పుడు మళ్ళీ పెడతాం. ఆ మధ్యలో గొంతు తెరిచే ఉంటుంది. మింగడం ఉండదు, దగ్గు ఉండదు. నోట్లో ఏం పోసినా నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. యాభై అరవై ఏళ్ళు సీసాలో నిలవ ఉన్న నీళ్ళు. ఒక్కో ఇంటి సీసాలో ఒక్కో రకం పెరిగి ఉంటుంది. మనిషి వెచ్చబడగానే అవీ వెచ్చబడతాయి. మూడు రోజులు.

మే 30న, 3:25 నుంచి 3:30 వరకు నేను చల్లగదిలో ఉన్నాను. వకుళ చనిపోలేదని నాకు తెలుసు. పదకొండు డిగ్రీల దగ్గర మనిషి ఎంతసేపు ఆగుతుందో, ఎంతమంది లేచారో, ఆ గది బయట నిలబడినవాళ్ళందరిలో నాకే బాగా తెలుసు. ఆమె ముఖం చల్లగా ఉంది. సీసా మూత తీశాను. వెలుతురుకి పట్టుకుని సరిగ్గా సగం పోశాను. నీళ్ళు పెదవి పక్కకి కారలేదు. అన్నీ లోపలికి వెళ్ళాయి. వెళ్ళినందుకు సంతోషించాను.

నోట్లో ఏమీ వేయనని సంతకం పెట్టిన మాట ఆ ఐదు నిమిషాల్లో గుర్తుకు రాలేదు. తర్వాత కూడా రాలేదు. అన్నం పెట్టకూడదు, మందు వేయకూడదు అనే అర్థంలోనే చదివాను. ఆ కాగితం రాసింది నేనే.

ఆగస్టు 7

ఉదయం డాక్టర్ తరణి గదికి వెళ్ళి చెప్పాను. ఆవిడ కూర్చోమన్నారు. నిలబడే చెప్పాను. విన్నాక ఆవిడ మొదట అడిగింది మిగిలిన సగం ఉందా అని. ఉందన్నాను. తర్వాత అడిగింది, ఇస్తారా అని.

సీసా జిలానీకి ఇచ్చాను. వకుళ నమూనా ల్యాబులో ఉంది. రెండూ పక్కపక్కన పెడితే తేలుతుంది. సీసా చూడగానే జిలానీ మొహంలో వేళాకోళం పోయింది. నిన్న చెరువు అన్నందుకు ఏదో అనబోయాడు. నిన్న కాదు, నాలుగో తేదీన అని సరిదిద్దాను. మా ఇంట్లోనూ ఒకటుందండీ, వేరే ఊరి నీళ్ళు, మా నాన్న దాచింది అన్నాడు. పరీక్షకి మొత్తం నీళ్ళు కావాలట. నీళ్ళలో సూక్ష్మజీవులు తక్కువుంటాయి కనుక వడగట్టి పోగు చేయాలి. సరే అన్నాను.

మిగతా ఏడు ఇళ్ళకి మార్తమ్మ, నేను ఫోన్లు చేశాం. ఏడుగురూ పోయలేదన్నారు. ఒకాయన మర్యాదగానే, చనిపోయిన మా తమ్ముడి విషయం ఇంకోసారి ఎత్తవద్దని చెప్పి పెట్టేశారు. చూపు జరిగినా మచ్చ రాని ఇళ్ళు రెండున్నాయి. అవి మాత్రం వెంటనే జవాబిచ్చాయి. ఒకరు పడవ దిగి నేరుగా వచ్చారు, సీసా ఇంట్లోనే ఉండిపోయింది. రెండోవాళ్ళు మార్తమ్మ చర్చివాళ్ళు, ప్రార్థన చేసుకుని వచ్చేశారు. చూపుకి అసలు ఎవరూ రాని కేసులు మూడు, ఎవరెవరో తెలియని మనుషులు. ముగ్గురివీ శుభ్రమైన ఊపిరితిత్తులు.

పట్టిక సరిపోయింది. కానీ కమిటీకి పట్టిక చాలదు. ఒక్కరైనా పోశామని చెప్పాలి, ఆ సీసా దొరకాలి. ఒకటి దొరికింది. ఒకటే అయితే యాదృచ్ఛికం అంటారు. నేనైనా అదే అంటాను.

పోలేశు సంగతి ఇంకా తొందర. అతని ఊపిరితిత్తుల్లోంచి తీసినదాంట్లో ఆరు రకాలు పెరుగుతున్నాయి. ఏది జబ్బు చేస్తోందో తెలియదు. ఆరింటికీ మందులు ఒకేసారి ఇస్తే మూత్రపిండాలు పోతాయి. నూకాలు సీసా దొరికితే, రెండింటిలోనూ ఉన్నదేదో తెలుస్తుంది. డాక్టర్ తరణి అడిగారు, మార్తమ్మ అడిగింది. నూకాలు పోయలేదంది.

ఆగస్టు 8

పోలేశు 40.1. మళ్ళీ గొట్టం పెట్టారు.

పదకొండు గంటలకి వరండాలో నూకాలు పక్కన కూర్చున్నాను. లేవబోయింది, కూర్చోమన్నాను. తిన్నావా అని అడిగితే తిన్నానంది. తినలేదని మార్తమ్మ ముందే చెప్పింది.

"నన్ను మళ్ళీ అడగడానికి వచ్చేరాండి?" అంది.

"అవునమ్మా."

"సంతకం ఎట్టించుకున్నారు కదండీ, నోట్లో ఏటీ ఎయ్యకూడదని. ఎయ్యకూడదంటే నేనెందుకు ఏత్తానండి. నాకేం బుర్ర లేదా."

ఏం చెప్పాలో ముందుగా కాగితం మీద రాసుకున్నాను. ఆ కాగితం బయటికి తీయలేదు.

"నేను పోశాను," అన్నాను.

తల తిప్పి చూసింది. "ఎవరికండి?"

"మా ఆవిడకి. ఆ గదిలోనే. నువ్వు నిలబడ్డ చోటే."

"ఉన్నారాండి ఆవిడ?"

"లేదు."

లోపల యంత్రం ఊపిరి ఊదే చప్పుడు వినబడుతోంది. నూకాలు పమిట కొంగు వేలికి చుట్టి విప్పుతోంది.

"అయితే నేనూ సంపేసినట్టేనాండి?"

"లేదు. మా ఆవిడ అప్పుడు ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలిసింది. నీ సీసా ఇస్తే ఏ మందు ఇవ్వాలో తేలుతుంది."

"ఆడు సచ్చిపోయేడనే అనుకున్నానండి. మంచులా ఉన్నాడు. అలా ఎండు నోటితో ఒగ్గెయ్యమంటారా? లెగుత్తాడని మీరందరూ సెప్పేరు. సెప్పినప్పుడు నమ్మేను. సూసినప్పుడు నమ్మలేకపోయేను."

"నేనూ అంతే," అన్నాను.

అటు తిరిగి, రవికలోంచి గుడ్డలో చుట్టిన సీసా తీసింది. వెంటనే ఇవ్వలేదు.

"సగం నాదండి ఇది."

"తెలుసు."

"అంతా వాడేత్తారా?"

"అంతా కావాలి. నాది కూడా అంతా ఇచ్చేశాను."

ఆ మాటకి నా మొహంలోకి చూసి, సీసా నా చేతిలో పెట్టింది. పెట్టాక, రసీదు ఇత్తారా అని అడిగింది. ఇచ్చాను. గాజు సీసా ఒకటి, గోదావరి నీళ్ళు సగం, ఇచ్చినవారు నూకాలు, పుచ్చుకున్నవారు నేను. చదివించుకుని, మడిచి, సీసా ఉన్న గుడ్డలోనే కట్టుకుంది.

ఆగస్టు 10

నూకాలు సీసాలో నాలుగు రకాలు. పోలేశు ఊపిరితిత్తుల్లో ఆరు. రెండింటిలోనూ ఉన్నది ఒకటి, బూజు జాతిది. మధ్యాహ్నం 2:10కి మందు మార్చారు. మిగతావన్నీ ఆపేశారు.

నా సీసా రిపోర్టు కూడా వచ్చింది. అందులో ఉన్న బ్యాక్టీరియా, వకుళ నమూనాలో ఉన్నది ఒకటే. జిలానీ ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, టీ తెస్తానని వెళ్ళాడు. టీ తేలేదు. సాయంత్రం వరకు ఇటు రాలేదు.

మార్తమ్మ వచ్చి కాగితం చదివింది. ఆ రోజు కెమెరా ఆపింది నేనే కదండీ మేస్టారూ అంది. ఆపమని మీతో ఎవరూ అనలేదు, నా కోసం ఆపారు అన్నాను. అదేనండి నేనూ అనేది అని వెళ్ళిపోయింది.

ఆగస్టు 14

పోలేశు 37.7. గొట్టం తీశారు. గొంతు బొంగురు. కుడి ఊపిరితిత్తి కింది భాగం మళ్ళీ పూర్తిగా పనిచేయదు. నాచు మడి పని ఇక కుదరదని డాక్టర్ తరణి చెబితే, యంత్రాన్ని ఎవరు పాడుచేశారో చూడడానికైనా వెళ్ళాలన్నాడు. నూకాలు తిట్టింది. వరండా దాకా వినబడింది.

పైపు జల్లెడ గీకాను.

ఆగస్టు 18

కమిటీ తెర మీద కూర్చుంది, ఐదుగురు. అధ్యక్షుడు ఆదిశేషయ్య గారు. పట్టిక, రెండు సీసాల రిపోర్టులు చదివాను. ఎనిమిదో కేసులో పోసినవారి పేరు దగ్గర నా పేరు చదివాను. ఒకరిద్దరు కాగితాల వైపు చూసుకున్నారు.

ఆదిశేషయ్య గారు కటువుగా ఏమీ అడగలేదు. మీరు గణాంకాలు చదువుకున్నవారు, పద్నాలుగు నెలలు రోజూ ఈ అంకెలు చూశారు, మీకెప్పుడూ తోచలేదా అన్నారు. నోట్లో నీళ్ళు పోశారా అని అడిగే గడి పత్రంలో లేదండి అన్నాను. పత్రం ఎవరు తయారు చేశారని అడిగారు. నేనే అన్నాను.

గంటన్నర మాట్లాడుకున్నారు. తప్పు చల్లదనంది కాదని ఒప్పుకున్నారు. చల్లగది ఉంటుంది. ఇంటివాళ్ళ చూపు తీసేయాలని ఇద్దరు పట్టుబట్టారు. నీళ్ళు కాచి ఇస్తే సరిపోదా అని ఒకరు అడిగారు. ఏ నీళ్ళయినా ఆ సమయంలో ఊపిరితిత్తుల్లోకి వెళ్తే హానేనని డాక్టర్ తరణి చెప్పారు.

అప్పటివరకు గోడ పక్కన నిలబడి ఉన్న మార్తమ్మ, మాట్లాడవచ్చా అని అడిగింది.

"చూపు తీసేత్తే అసలు మనిషినే లోపలికి తేరండి. పడవలోంచి తిన్నగా ఇంటికి పట్టుకుపోతారు. నీళ్ళు లేకుండా పంపేదానికన్నా ఇంట్లో పోతేనే నయం అనుకుంటారు. మీరు పైనున్నారు కాబట్టి మీకు తెలీదు. వీళ్ళు అనరు. చేసేత్తారంతే."

చూపు ఉంటుంది. కెమెరా ఆపరు. ఐదు నిమిషాలూ ఎవరో ఒకరు ఇంటివాళ్ళ పక్కన నిలబడి, నీళ్ళు ఎందుకు పోయకూడదో చెప్పాలి. ఎవరు అని అడిగారు. నా బల్ల చల్లగదికి దగ్గర అని చెప్పాను.

ఇదివరకటి ఏడు ఇళ్ళకి ఈ సంగతి చెప్పాలా అన్నది మాకే వదిలారు. అడిగినవాళ్ళకి చెబుదాం, అడగనివాళ్ళ దగ్గరికి మనంతట మనం వెళ్ళవద్దని డాక్టర్ తరణి నిర్ణయం. ఒప్పుకున్నాను. సరైనదో కాదో తెలియదు.

ఆగస్టు 19

పత్రంలో కొత్త గడి చేర్చాను. పాత కేసులకీ నింపాలి. ఏడు కేసులకి, తెలియదు అని రాశాను. ఇరవై మూడుకి, పోశారు, భార్య, సగం. ఎనిమిదికి, పోశారు, భర్త, సగం.

ఆగస్టు 27

9:32కి ఇరవై నాలుగో కేసు. సింహాద్రి, వయసు అరవై ఒకటి, పంపుల మరమ్మతు. గాలి మర నిచ్చెన మీంచి జారి కాంక్రీటు మీద పడ్డాడు. లోపల రక్తస్రావం. వచ్చేసరికే గుండె ఆగింది. 10:08కి ఒళ్ళు పదకొండు డిగ్రీలు.

10:20కి చూపు. భార్య పైడమ్మ వచ్చింది. పొట్టి మనిషి, గట్టి గొంతు. మాస్కు కట్టబోతే, అది లేకపోతే నా మొగుడు నన్ను గుర్తుపడతాడేమోనని భయమా అని మార్తమ్మని అడిగింది. లోపలికి వచ్చి తొట్టి పక్కన నిలబడి అతన్ని చూసింది. ఒక నిమిషం తర్వాత చెయ్యి నడుం దగ్గరికి వెళ్ళింది.

తొట్టికీ ఆవిడకీ మధ్య నిలబడ్డాను.

"ఎవరయ్యా నువ్వు, అడ్డం?"

చెప్పాను. గొంతు సంగతి, నీళ్ళ సంగతి, మూడో రోజు సంగతి. నిమిషం పైన పట్టింది. తల ఊపకుండా వింది.

"నీ మాట విని ఊరుకుంటాను. మరి లేవకపోతేనో? ఎండు నోటితో పంపించానని నేను బతికున్నన్నాళ్ళూ ఏడవాలా?"



"లేవకపోతే నేనే మిమ్మల్ని పిలుస్తాను," అన్నాను. "మొదట మిమ్మల్నే. ఎవరూ అతన్ని ముట్టుకోకముందే. అప్పుడు పోయండి. పక్కన నిలబడతాను."

"ఎంతమందికి చెప్పావు ఇలా?"

"మీరే మొదలు."

"నీకు ఇంటిది ఉందా?"

"లేదు."

"పోశావా?"

"పోశాను."

తొట్టి వైపు చూసింది, నా వైపు చూసింది. టైము అయిపోతోందని మార్తమ్మ తలుపు దగ్గర నుంచి వేళ్ళు చూపించింది. పైడమ్మ సీసా తీసి నా అరచేతిలో పెట్టి, వేళ్ళు తనే మూసింది. నా దగ్గరుంటే పోసేస్తాను, నువ్వే ఉంచు అంది. 10:25కి మూత.

సర్జన్ పోటు మీద వచ్చారు, 12:05. థియేటర్ బయట బల్ల మీద కూర్చున్నాను. భోజనానికి పిలిచారు, వెళ్ళలేదు. ఒక చేత్తోనే టైములు రాశాను. 3:40కి వెచ్చబెట్టడం మొదలు. 4:15కి ఇరవై రెండు డిగ్రీలు. 4:50కి ముప్పై. గుండె మొదలు కాలేదు. పైడమ్మ వరండా చివర నిలబడి నన్నే చూస్తోంది, డాక్టర్లని కాదు. 5:02కి మొదటి షాక్. 5:06కి రెండోది. 5:09కి డాక్టర్ తరణి తలుపు తెరిచి నా వైపు ఒకసారి తల ఊపారు.

గుండె మొదలు: 5:09. నీళ్ళు: పోయలేదు.

5:15కి సీసా పైడమ్మకి తిరిగి ఇచ్చాను. వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసుకుంది. మూత దాకా ఉంది.